నెల జీతం చేతిలో పెట్టి పంపేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది 30 మంది పనిచేసే చిన్న సంస్థ. మా దగ్గర ఆరేళ్లుగా ఉన్న ఒక ఉద్యోగి ఏడాదిగా పని సరిగ్గా చేయడం లేదు. ఆలస్యంగా వస్తాడు. ఇచ్చిన పని చెప్పిన రోజుకు అవదు. కస్టమర్లు ఫోన్ చేసి తిడుతున్నారు. ఎన్నోసార్లు పిలిచి నోటితో చెప్పాను, మారలేదు. రెండు నెలల క్రితం ఓవర్‌టైమ్ డబ్బులు ఇవ్వడం లేదంటూ, మరో ఇద్దరిని కలుపుకొని నాకు ఈమెయిల్ పెట్టాడు. దానికి నేను జవాబివ్వలేదు. పోయిన వారం అందరూ చూస్తుండగా నా మీద గట్టిగా అరిచాడు. ఇక నా వల్ల కాదు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో 'నెల రోజుల నోటీసు గానీ నెల జీతం గానీ ఇచ్చి ఎవరైనా ఈ ఒప్పందాన్ని ముగించవచ్చు' అని ఉంది. నెల జీతం వేసేసి, రేపటి నుంచి రావద్దని వాట్సాప్‌లో చెప్పేస్తే సరిపోతుందా? రాజీనామా రాయించుకుంటే ఏ గొడవా ఉండదని ఒక మిత్రుడు అంటున్నాడు. ఇంకో విషయం. ప్రొబేషన్‌లో ఉన్న ఒకమ్మాయి తరచూ సెలవు పెడుతోంది. గర్భవతినని ఈ మధ్యే చెప్పింది. ప్రొబేషనే కాబట్టి ఆమెను ఆపేయడానికి ఇబ్బంది ఉండదు కదా? ఇద్దరి విషయంలోనూ చాలా టెన్షన్‌గా ఉంది.

— ఒక సంస్థ యజమాని (పేరు వేయవద్దన్నారు)

సమాధానం: నమస్కారం. సూటిగా చెబుతాను. మీరు అడిగిన మూడింటిలో ఏదీ ఈ వారం చేయకండి. వాట్సాప్ మెసేజ్ పెట్టకండి, రాజీనామా రాయించుకోకండి, ఆ అమ్మాయిని ఆపేయకండి.

ఆ ఉద్యోగిని ఎప్పటికీ తీసేయలేరని కాదు. పని చేయని మనిషికి జీతం ఇస్తూ కూర్చోమని ఏ దేశపు చట్టమూ యజమానికి చెప్పదు. కానీ మీ ఉత్తరం చూస్తే నిర్ణయం ముందే అయిపోయింది, దానికి తగిన దారి ఇప్పుడు వెతుకుతున్నారు. యజమానులు ఉద్యోగాల కేసులు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. కారణం లేక ఓడిపోరు. కారణం ఉన్నా, తీసేసిన రోజు నాటికి అది ఏ కాగితం మీదా లేక ఓడిపోతారు. మీ దగ్గర ప్రస్తుతం ఉన్నవి ఒక కోపం, కొన్ని నోటి మాటలు. అతని దగ్గర తేదీతో సహా ఒక ఈమెయిల్ ఉంది.

మీరు ఏ దేశంలో సంస్థ నడుపుతున్నారో రాయలేదు. చట్టాలు దేశానికొక తీరుగా ఉంటాయి. ఒకే దేశంలో కూడా సంస్థలో ఎంతమంది ఉన్నారు, ఉద్యోగి హోదా ఏమిటి అన్నదాన్ని బట్టి మారిపోతాయి. అయినా వాటి వెనకున్న ఆలోచన దాదాపు ఒకటే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందం దాన్ని తేట మాటల్లో చెప్పింది. ఉద్యోగిని తీసేయాలంటే సరైన కారణం ఉండాలి. అది అతని పనితనానికి గానీ, ప్రవర్తనకు గానీ, సంస్థ అవసరాలకు గానీ సంబంధించినదై ఉండాలి. పనితనం, ప్రవర్తన కారణాలైతే, తీసేసే ముందు అతను చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. భారత్, అమెరికా, బ్రిటన్ ఈ ఒప్పందాన్ని ఆమోదించలేదు. అయినా ఆ ఆలోచనలో చాలా భాగం భారత్, బ్రిటన్ చట్టాల్లోనూ తీర్పుల్లోనూ కనిపిస్తుంది. అమెరికా దారి వేరు, దాని సంగతి కింద చెబుతాను.

మీ విషయంలో నన్ను అన్నింటికంటే భయపెడుతున్నది ఆ ఓవర్‌టైమ్ ఈమెయిలే. మీరు దాన్ని ఉత్తరం మధ్యలో, పోతూ పోతూ చెప్పినట్టు రాశారు. రేపు లేబర్ ఆఫీసులోనో కోర్టులోనో మొదట చదివేది దాన్నే. ఆరేళ్లు పనిచేశాడు, ఒక్క మెమో లేదు. బకాయి అడిగాడు, జవాబు లేదు. రెండు నెలల్లో ఉద్యోగం పోయింది. ఈ తేదీలను వరుసగా పెడితే అతని లాయరు వేరే కష్టపడాల్సిన పని లేదు. యజమాని మీద ఫిర్యాదు చేశాడని తీసేయడం చెల్లదని 158వ ఒప్పందంలోని 5వ అధికరణం చెబుతుంది. కారణం చెప్పకుండానే ఎవరినైనా తీసేయవచ్చని పేరున్న అమెరికాలో కూడా, కనీస వేతనం, ఓవర్‌టైమ్ గురించిన 1938 నాటి ఫెడరల్ చట్టం జీతం బకాయి అడిగినవారి మీద కక్ష సాధించడాన్ని నిషేధించింది. ఇలాంటి కేసుల్లో అతని పని బాగుందా లేదా అన్న చర్చ వెనక్కి పోతుంది. ఎందుకు తీసేశారు, ఆ రోజే ఎందుకు తీసేశారు అన్నదే ముందుకొస్తుంది. పైగా ఆ మెయిల్‌లో మరో ఇద్దరున్నారు కాబట్టి అది ఒక మనిషి పేచీగా కాకుండా ఉద్యోగుల ఉమ్మడి ఫిర్యాదుగా కనిపిస్తుంది. దానికి చాలా చోట్ల అదనపు రక్షణ ఉంటుంది.

కాబట్టి మీ మొదటి పని ఆ మెయిల్‌కు జవాబివ్వడం. హాజరు రిజిస్టరు, షిఫ్టుల లెక్క తీయించండి. చట్టం ప్రకారం ఎన్ని గంటలకు అదనపు జీతం రావాలో చూడండి. రావాల్సి ఉంటే ముగ్గురికీ ఇవ్వండి. అదే పని చేసి అడగనివాళ్లకూ ఇవ్వండి. రాకపోతే ఎందుకు రాదో లెక్కతో సహా రాసివ్వండి. అతను మంచి ఉద్యోగి కాకపోవచ్చు, అడిగిన డబ్బు మాత్రం న్యాయమైనదే కావచ్చు. ఈ రెండింటినీ మీ మనసులో విడదీయనంత కాలం మీ ప్రతి నిర్ణయం మీదా అనుమానం వస్తుంది.

ఇప్పుడు నెల నోటీసు సంగతి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో అలా రాసుంది, అతను సంతకం పెట్టాడు, ఇంకేముంది అని చాలామంది యజమానులు నిజాయితీగానే నమ్ముతారు. కానీ ఒప్పందం చట్టానికి లోబడి ఉంటుంది, చట్టాన్ని దాటలేదు. భారత్‌నే తీసుకోండి. మేనేజర్ల వంటి హోదాల్లో లేని ఉద్యోగి, ఏడాది నిరంతర సర్వీసు పూర్తిచేసి ఉంటే, శిక్షగా కాకుండా మరే కారణంతో తీసేసినా దాదాపు ప్రతిసారీ అది చట్టం రిట్రెంచ్‌మెంట్ అనే తొలగింపు కిందికి వస్తుంది. అప్పుడు నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇస్తే చాలదు. పూర్తయిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ నియమం, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. గ్రాట్యుటీ దీనికి అదనం. ఆ పరిహారం కట్టకుండా తీసేస్తే, కారణం ఎంత మంచిదైనా, తొలగింపే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది.

బ్రిటన్‌లో 1996 నాటి ఉద్యోగ హక్కుల చట్టం న్యాయమైన తొలగింపుకు ఐదు రకాల కారణాలను ఒప్పుకుంటుంది. పని సామర్థ్యం, ప్రవర్తన, ఆ ఉద్యోగమే లేకుండా పోవడం, కొనసాగిస్తే మరో చట్టాన్ని ఉల్లంఘించినట్టు అవడం, వీటితో సమానమైన మరో గట్టి కారణం. నోటీసు ఇచ్చామన్నది ఆ ఐదింటిలో లేదు. నోటీసు ఉద్యోగం ఎప్పుడు ముగుస్తుందో చెబుతుంది, ఎందుకు ముగుస్తుందో చెప్పదు. నెదర్లాండ్స్‌లోనైతే ఉద్యోగి ఒప్పుకోనప్పుడు యజమాని సాధారణంగా ముందు ఉద్యోగ బీమా సంస్థ అనుమతో కోర్టు ఉత్తర్వో తెచ్చుకోవాలి. అమెరికాలో మాత్రం, మోంటానా రాష్ట్రం మినహా, కారణం చెప్పకుండా తీసేయవచ్చన్నదే మామూలు నియమం. అక్కడ కూడా జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం ఆధారంగా తీసేయడాన్ని 1964 నాటి పౌరహక్కుల చట్టం నిషేధించింది. 40 ఏళ్లు, ఆపైబడినవారికి వయసు వివక్ష నుంచి 1967 చట్టం, అంగవైకల్యం ఉన్నవారికి 1990 చట్టం రక్షణ ఇస్తాయి. కారణం చెప్పకపోతే రక్షణ అనుకుంటారు గానీ, మీరు చెప్పని కారణాన్ని అవతలి లాయరు తనకు కావలసిన మాటలతో నింపుతాడు.

వాట్సాప్‌లో చెప్పేయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జర్మనీలో తొలగింపు లేఖ కాగితం మీద, చేతి సంతకంతో ఉండాలి. ఈమెయిల్ కూడా చెల్లదు. మిగతా చోట్ల నియమం ఇంత గట్టిగా లేకపోయినా, ఆరేళ్లు పనిచేసిన మనిషికి ఫోన్‌లో ఒక లైను పెట్టి పంపేశారంటే మీ గురించి కోర్టుకు ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది. అది తరవాత మారదు.

మీ మిత్రుడి సలహా వీటన్నిటికంటే ప్రమాదకరం. బలవంతంగా తీసుకున్న రాజీనామా రాజీనామా కాదు, తొలగింపే. పైగా విచారణ లేని తొలగింపు. గదిలోకి పిలిచి, కాగితం ముందు పెట్టి, 'సంతకం పెడతావా, లేక నీ సర్టిఫికెట్ పాడు చేయమంటావా' అని అడిగిన సంగతి బయటపడకుండా ఉండదు. లేఖ టైప్ చేసింది మీ ఆఫీసు కంప్యూటర్‌లో, భాష మీ హెచ్.ఆర్. భాష, అదే రోజు ఆమోదించి అదే రోజు రిలీవ్ చేశారు. ఇవన్నీ చూసే కళ్లకు కనిపిస్తాయి. మర్నాడే అతను 'నన్ను బెదిరించి రాయించుకున్నారు' అని ఒక మెయిల్ పెడితే మీ చేతిలోని కాగితానికి పెద్దగా విలువ ఉండదు. రాయించుకోకుండా, తనంతట తానే పోయేలా సీటు మార్చడం, పని ఇవ్వకపోవడం, మీటింగులకు పిలవకపోవడం లాంటివి చేసినా ఫలితం అదే. యజమాని ఒప్పందాన్ని మూలం నుంచే ఉల్లంఘిస్తే, వెళ్లిపోయిన ఉద్యోగి తనను తీసేసినట్టే లెక్క వేయమని అడగవచ్చని ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 1977లోనే స్పష్టం చేసింది.

ఇద్దరూ నిజంగా ఇష్టపడి విడిపోవాలనుకుంటే దానికి మర్యాదైన దారి వేరే ఉంది. ఒప్పందం రాసుకోండి. చట్టప్రకారం అతనికి ఎలాగూ రావాల్సినవి ఇవ్వడం దీనికి ప్రతిఫలం కాదు, వాటికి పైన ఎంతో కొంత ఇవ్వాలి. కాగితం ఇంటికి తీసుకెళ్లి, లాయరుకు చూపించుకొని, ఆలోచించుకొనే సమయం ఇవ్వాలి. బ్రిటన్‌లో ఉద్యోగి స్వతంత్ర సలహాదారు దగ్గర సలహా తీసుకుంటే తప్ప ఇలాంటి ఒప్పందం అతని చట్టబద్ధమైన హక్కులను వదులుకున్నట్టు చేయలేదు. అమెరికాలో 40 ఏళ్లు నిండిన ఉద్యోగి వయసు వివక్ష కేసు హక్కును వదులుకుంటూ సంతకం పెట్టాలంటే కనీసం 21 రోజులు ఆలోచించుకోనివ్వాలి, పెట్టాక కూడా వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఉంటాయి. మీ దేశంలో ఇలాంటి గడువులు లేకపోయినా మీరే ఇవ్వండి. ఆ సంతకం నిలబడేది అప్పుడే.

ఇక అసలు సమస్య. మీరు ఆలస్యాలనూ, పని జాప్యాన్నీ, పోయిన వారం అరుపులనూ ఒకే మూటలో కట్టేశారు. విడదీయండి. పని సరిగ్గా రాకపోవడం వేరు, తప్పుగా ప్రవర్తించడం వేరు. మొదటిదానికి కావలసింది సహాయం, గడువు, హెచ్చరిక. రెండోదానికి కావలసింది ఆరోపణ, సంజాయిషీ, విచారణ. రెండూ కలిపి ఒక నోటీసు ఇస్తే అతనికి దేనికి సమాధానం చెప్పాలో తెలియదు, మీకు ఏది రుజువైందో తెలియదు.

పనితనం సంగతి ముందు చూద్దాం. అతని ఫైలు తెప్పించి పోయిన రెండేళ్ల అప్రైజల్స్ (పనితీరు మీద ఏటా రాసే అంచనాలు) చదవండి. నా అనుమానం, అందులో 'బాగుంది' అని ఉంటుంది, ఇంక్రిమెంట్ కూడా వేసి ఉంటారు. మొహమాటం కొద్దీ అందరికీ అలాగే రాస్తారు. నోటితో తిట్టడం, కాగితం మీద మెచ్చుకోవడం చాలా సంస్థల్లో ఉన్న అలవాటే. కేసు వచ్చిన రోజు ఆ కాగితమే మీకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. ఇప్పుడైనా కొత్తగా మొదలుపెట్టండి. కూర్చోబెట్టి మాట్లాడండి. ఏ పని, ఏ తేదీకి కావాలి, ఏ రోజు వచ్చింది, ఏ కస్టమరు ఏమన్నాడు అన్నది ఉదాహరణలతో చెప్పండి. 'నీ వైఖరి బాగోలేదు' లాంటి మాటలు వద్దు. తరవాత అతన్ని అడగండి, ఏమైందని.

ఈ ప్రశ్న మర్యాద కోసం అడగమనడం లేదు. ఐదేళ్లు బాగా చేసిన మనిషి ఆరో ఏట పాడయ్యాడంటే ఏదో కారణం ఉంటుంది. ఆరోగ్యం కావచ్చు, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోవచ్చు, మీరు మార్చిన కొత్త పద్ధతి నేర్పకపోయి ఉండవచ్చు, ఇద్దరి పని ఒక్కడి మీద పడి ఉండవచ్చు. అనారోగ్యమో అంగవైకల్యమో అయితే చట్టం పూర్తిగా వేరే దారి పట్టిస్తుంది. పని వేళల్లో, పని తీరులో సర్దుబాటు చేసి చూడాల్సిన బాధ్యత చాలా దేశాల్లో యజమాని మీద ఉంది. ఆ ప్రశ్న అడగకుండా తీసేశాక ఆస్పత్రి కాగితాలు బయటపడితే మీరు నిజంగానే తప్పు చేసినవారవుతారు. చట్టం ముందే కాదు.

మాట్లాడిన తరవాత అదే రోజు ఒక పేజీ రాసి అతనికి ఇవ్వండి. ఏం అనుకున్నారు, ఏం మారాలి, సంస్థ ఏం సాయం చేస్తుంది, మళ్లీ ఎప్పుడు చూస్తారు అన్నది అందులో ఉండాలి. గడువు పనిని బట్టి పెట్టండి. మారడానికి వీలు లేనంత చిన్న గడువు పెడితే అది నాటకమని అందరికీ తెలుస్తుంది. మధ్యలో కనీసం ఒకటి రెండుసార్లు కూర్చోండి. మెరుగుపడితే ఆ మాట కూడా రాయండి. మెరుగుపడకపోతే రాతపూర్వకంగా హెచ్చరిక, ఆ తరవాత ఉద్యోగం పోవచ్చని స్పష్టంగా చెప్పే చివరి హెచ్చరిక. నెలలు పడుతుందని విసుక్కుంటారని తెలుసు. కానీ ఈ వరుసలో చాలామంది నిజంగా బాగుపడతారు, కొందరు తమకు ఇక్కడ పొసగదని తెలుసుకొని వెళ్లిపోతారు. మిగిలిన కొద్దిమందిని తీసేసినప్పుడు మీ కాగితాలు మీ తరఫున మాట్లాడతాయి.

పోయిన వారం గొడవ సంగతి. అది ప్రవర్తన కిందికి వస్తుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ మాట అన్నాడు, ఎవరు విన్నారు అన్నది రాసి షోకాజ్ నోటీసు ఇవ్వండి. సంజాయిషీకి సరిపడా రోజులివ్వండి. ఫ్రాన్స్‌లో తొలగింపు గురించి మాట్లాడే మీటింగ్‌కు పిలుస్తూ ఉత్తరం ఇచ్చాక కనీసం 5 పనిదినాలు ఆగాలి. తోడుగా ఒకరిని తెచ్చుకోనివ్వాలి కూడా. విచారణ మాత్రం మీరు చేయకండి. అరిచింది మీ మీదే కాబట్టి మీరు ఇక్కడ ఫిర్యాదుదారు. ఫిర్యాదు చేసినవాడే తీర్పు చెప్పకూడదన్నది సహజ న్యాయంలో మొదటి సూత్రం. మీ సంస్థ చిన్నది కాబట్టి, సంబంధం లేని భాగస్వామికో బయటి వ్యక్తికో అప్పగించండి. బ్రిటిష్ ట్రిబ్యునళ్లు 1978 నుంచి ఇలాంటి కేసుల్లో మూడు సంగతులు చూస్తున్నాయి. తప్పు జరిగిందని యజమాని నిజంగా నమ్మాడా, నమ్మడానికి తగిన ఆధారాలున్నాయా, తగినంత విచారించాడా. క్రిమినల్ కేసులో కావలసినంత రుజువు అక్కర్లేదు. నిజాయితీగా విచారించి ఉండాలి.

విచారణ అయ్యాక శిక్ష తప్పుకు తగ్గట్టు ఉండాలి. ఆరేళ్లలో ఒకసారి అరిచినందుకు ఉద్యోగం తీసేయడం ఎక్కువే అవుతుందని నా అభిప్రాయం, ముఖ్యంగా బకాయి అడుగుతూ అతను పెట్టిన మెయిల్ రెండు నెలలుగా జవాబు లేకుండా ఉన్నప్పుడు. ఇంతకుముందు మీ మీదో మరొకరి మీదో ఎవరైనా ఇలాగే అరిస్తే ఏం చేశారో కూడా గుర్తుచేసుకోండి. అప్పుడు మందలించి వదిలేసి ఇప్పుడు ఉద్యోగం తీస్తే, తేడా ఎందుకని అడుగుతారు. విచారణ జరిగేంతవరకు దూరంగా ఉంచాలనుకుంటే జీతంతో ఉంచండి, అది శిక్ష కాదని లేఖలో రాయండి. భారత్‌లో స్టాండింగ్ ఆర్డర్లు (చట్టప్రకారం సంస్థ పెట్టుకునే సర్వీసు నియమాలు) వర్తించే సంస్థల్లో సస్పెన్షన్ కాలంలో మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తరవాత ఆలస్యానికి ఉద్యోగి కారణం కాకపోతే 75 శాతం ఇవ్వాలి.

విచారణ పెట్టినా అదే నిర్ణయం వచ్చేది కదా, మరి ఎందుకు అని మీకు అనిపించవచ్చు. అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందు 1987లో సరిగ్గా ఈ వాదనే వచ్చింది. పద్ధతి పాటించనప్పుడు, పాటించినా ఫలితం మారేది కాదన్నంత మాత్రాన తొలగింపు న్యాయమైపోదని, ఆ సంగతి పరిహారం ఎంతన్నప్పుడు చూడాలని తేల్చారు. భారత సుప్రీంకోర్టు 1993లో డి.కె. యాదవ్ కేసులో ఇంకా గట్టిగా మాట్లాడింది. చెప్పకుండా ఎనిమిది రోజులకు మించి రాకపోతే ఉద్యోగం దానంతట అదే పోతుందని స్టాండింగ్ ఆర్డర్లలో రాసుందంటూ ఒక కార్మికుడిని విచారణ లేకుండా తీసేశారు. అతనేమో తాను వచ్చాననీ గేటు దగ్గర ఆపేశారనీ అన్నాడు. బతుకుతెరువు తీసేసే ముందు మనిషి మాట వినాల్సిందేనని కోర్టు చెప్పి, పని లేకుండా ఉన్న కాలానికి సగం జీతం ఇచ్చి తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. మీ దగ్గర ఎవరైనా రావడం మానేసినా ఇదే గుర్తుంచుకోండి. 'వాడే రాలేదు' అన్న మాట చాలదు. రమ్మని రాసిన ఉత్తరాలు, అవి అందినట్టు రుజువు కావాలి.

ఆధారాల గురించి రెండు హెచ్చరికలు. ఇప్పుడు కూర్చుని పాత తేదీలతో మెమోలు తయారు చేయకండి. ఫైలు ఎప్పుడు సృష్టించారో కంప్యూటర్ చెబుతుంది, ఒక్కటి దొరికితే మీ నిజమైన కాగితాలను కూడా ఎవరూ నమ్మరు. రెండోది, కోపంలో అతని చాట్‌లు, మెయిళ్లు తవ్వకండి. 2017లో యూరప్ మానవ హక్కుల కోర్టు రుమేనియాకు చెందిన బర్బులెస్కు కేసులో, ఉద్యోగి సందేశాలను చూస్తామని, ఎంతవరకు చూస్తామని ముందే చెప్పకుండా చూసి తీసేసిన వ్యవహారంలో అతని వ్యక్తిగత జీవిత హక్కుకు రక్షణ దొరకలేదని తీర్పిచ్చింది. మరోవైపు మీరు మేనేజర్ల గ్రూపులో అతని గురించి రాసిన ప్రతి మాటా కోర్టుకు చేరవచ్చు. 'ఓవర్‌టైమ్ అడిగినోడి సంగతి చూద్దాం' లాంటిది ఏదైనా ఇప్పటికే రాసి ఉంటే తుడిచేయకండి. లాయరుకు చూపించండి. కేసు వస్తుందని తెలిసీ ఆధారం చెరిపేయడం వేరే నేరమయ్యే అవకాశం ఉంది.

ఆ అమ్మాయి విషయంలో నా జవాబు ఒక్కటే, వద్దు. ప్రొబేషన్ అంటే పని చూసే కాలం. అందులో తీసేయడం తేలికే, కానీ పని కారణంగా తీసేయడమే తేలిక. గర్భవతి అని తెలిశాక, సెలవులను కారణంగా చూపి ఆపేస్తే ఎవరూ అది పని గురించి అనుకోరు. మహిళలపై వివక్షను తొలగించడానికి 1979లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందం గర్భం కారణంగా తీసేయడాన్ని నిషేధించమని దేశాలకు చెబుతుంది, ప్రపంచంలో అత్యధిక దేశాలు అందులో ఉన్నాయి. బ్రిటన్‌లో ఈ కారణంతో తీసేస్తే ఎంత సర్వీసు ఉందన్న ప్రశ్నే రాదు, మొదటి రోజు నుంచీ రక్షణ ఉంటుంది. అమెరికాలో 15 మంది, ఆపై ఉద్యోగులున్న సంస్థలకు, గర్భం కారణంగా వివక్ష చూపడాన్ని నిషేధించిన 1978 నాటి చట్టం వర్తిస్తుంది. ఆమె సెలవుల్లో గర్భం వల్ల పెట్టినవి ఉంటే వాటిని హాజరు లెక్కలోంచి పక్కన పెట్టండి. పనిలో నిజంగా లోపం ఉంటే, గర్భవతి కాని ప్రొబేషనర్‌కు ఏం చెబుతారో అదే చెప్పండి, అంతే సమయం ఇవ్వండి. ఆమె ఆ కబురు మీకు నమ్మి చెప్పింది. ఇప్పుడు అడగాల్సింది ఆమెకు పనిలో ఏ వెసులుబాటు కావాలన్నదే.

అన్నీ చేశాక కూడా ఆ ఉద్యోగిని పంపించాల్సి వస్తే, కారణం ఉన్నదున్నట్టు రాయండి. నొచ్చుకుంటాడని 'సంస్థలో పోస్టు తీసేశాం' అని రాస్తుంటారు. తరవాత అదే సీటులోకి కొత్త మనిషిని తీసుకుంటే మీరు రాసింది అబద్ధమని తేలిపోతుంది. కబురు మీరే ఎదురుగా కూర్చుని చెప్పండి, సెక్యూరిటీ చేత కాదు. అప్పీలు చేసుకునే దారి లేఖలోనే చూపండి. బకాయిలు ఆపిపెట్టి 'ముందు ల్యాప్‌టాప్ ఇవ్వు, ఆ కాగితం మీద సంతకం పెట్టు' అని బేరమాడకండి. భారత్‌లో వేతనాల కోడ్ ప్రకారం తొలగించినా, రాజీనామా చేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఎప్పటినుంచి ఎప్పటివరకు, ఏ హోదాలో అన్నంతవరకు రాసిచ్చేయండి. మిగతా ఉద్యోగులకు 'ఫలానా తేదీ నుంచి ఆయన ఇక్కడ పనిచేయడం లేదు, ఆయన పని ఫలానావారు చూస్తారు' అంటే చాలు. కారణం చెప్పడం మొదలుపెడితే పరువునష్టం దాకా వెళ్లవచ్చు.

ఈ వారం మీరు రాయాల్సింది ఒకే ఒక్క ఉత్తరం. ఆ ముగ్గురికీ, ఇలా:

'ఓవర్‌టైమ్ గురించి మీరు రాసిన మెయిల్‌కు జవాబు ఆలస్యమైంది, అందుకు విచారిస్తున్నాను. హాజరు రికార్డుల ప్రకారం లెక్క తీయిస్తున్నాం. ఫలానా తేదీలోగా లెక్క మీకు ఇస్తాం. మీ దగ్గర ఉన్న వివరాలు కూడా ఇవ్వండి. రావాల్సినది తేలితే ఆ నెల జీతంతో కలిపి చెల్లిస్తాం. ఈ విషయం అడిగినందువల్ల మీలో ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు.'

ఇది పంపి, ఆ తేదీకి మాట నిలబెట్టుకోండి. ఆ తరవాత అపాయింట్‌మెంట్ లెటర్, అప్రైజల్స్, హాజరు రిజిస్టరు, ఈ మెయిళ్లు అన్నీ తీసుకొని మీరున్న చోట ఉద్యోగ చట్టాలు చూసే లాయరును కలవండి. షోకాజ్ నోటీసు ఆయన చదివాకే ఇవ్వండి.